నిద్రించినవారిని గూర్చిన నిరీక్షణ

ధ్యానభాగము: 1 థెస్సలొనీకయులకు 4:13–18

థెస్సలొనీక పట్టణములో క్రీస్తు సంఘము పుట్టి సంవత్సరము నిండియుండునో లేదో, అంతలోనే ఆ చిన్న మందలో మరణము ప్రవేశించెను. మరణించినది ఒకరో పలువురో, పురుషులో స్త్రీలో, ముదిమివలననో జ్వరమువలననో విరోధుల హింసవలననో, పౌలు వ్రాసిన పత్రిక చెప్పదు. వారి పేరులును అందులో లేవు. అయితే వారి మరణము మిగిలినవారి హృదయములలో రేపిన కలవరము మాత్రము ఆ పత్రికలో నిలిచియున్నది. ఆ కలవరమునకు అపొస్తలుడు చెప్పిన జవాబును సంఘము నేటివరకు సమాధులయొద్ద చదువుచున్నది.

ఆ సంఘము పుట్టిన విధమును అపొస్తలుల కార్యములు పదునేడవ అధ్యాయము తెలుపుచున్నది. పౌలును సీలయు అచ్చటి సమాజమందిరములో మూడు విశ్రాంతిదినములు లేఖనములనెత్తి తర్కించిరి. కొందరు యూదులును, గ్రీసు దేశస్థులలో భక్తిగలవారు అనేకులును, ఘనతగల స్త్రీలును నమ్మిరి. తోడనే సంతవీధిలోని పోకిరివారు గుంపుగూడి యాసోను ఇంటిమీద పడిరి. యాసోనును మరికొందరు సహోదరులును అధికారులకు జామీను ఇచ్చి విడుదల పొందిరి. ఆ రాత్రియే సహోదరులు పౌలును సీలను బెరయకు పంపివేసిరి. బోధ సగములో ఆగిపోయెను. క్రొత్తగా విశ్వసించినవారు ఎన్నో సంగతులు అడుగవలసియుండగా, చెప్పువాడు చీకటిలో ఊరు దాటిపోయెను. తరువాత పౌలు ఏథెన్సునుండి తిమోతిని వారియొద్దకు పంపి, అతడు తిరిగివచ్చిన పిమ్మట కొరింథునుండి ఈ పత్రిక వ్రాసెను. గల్లియోను అధిపతి పేరుగల శాసనమొకటి డెల్ఫీలో దొరికినందున, ఆ కాలము క్రీస్తుశకము 50–51 ప్రాంతమని పండితులు నిర్ణయించిరి. క్రొత్త నిబంధనలో మిక్కిలి ప్రాచీనమైన వ్రాతలలో ఇది యొకటి. కాబట్టి క్రైస్తవ సంఘము చేతిలోనున్న తొలి కాగితములలోనే చావును గూర్చిన దుఃఖపు ప్రశ్న కలదు.

వారి ప్రశ్న యేమి? వారు విగ్రహములను విడిచి, పరలోకమునుండి రానైయున్న కుమారునికొరకు కనిపెట్టుకొనియున్నవారు. ఆయన త్వరగా వచ్చునని నమ్మిరి. తమ కన్నులతోనే చూతుమనుకొనిరి. అట్టివారిలో కొందరు ఆ దినమునకు ముందే కన్ను మూసిరి. మరి వీరి సంగతి యేమగును? పెండ్లికి బయలుదేరి దారిలోనే ఆగిపోయిన చుట్టములవలె వీరు ఆ మహోత్సవమునకు దూరమైపోయిరా? ప్రభువు వచ్చునప్పుడు సజీవులకు దొరకు సంతోషములో వీరికి పాలు లేదా? ఇది తర్కముకొరకు లేచిన ప్రశ్న కాదు. క్రొత్తగా పూడ్చిన మట్టి యింకను ఆరకమునుపు ఒక తల్లి అడిగెడి ప్రశ్న.

వారి చుట్టునున్న లోకము వారికి సహాయము చేయజాలకపోయెను. ఆ కాలపు రోమా సామ్రాజ్యములో ఊరివెలుపల బాటల ప్రక్కన సమాధులు వరుసగా నుండెడివి. వాటిలో కొన్నిటిపై ఒకేవిధమైన అక్షరములు చెక్కబడియుండెను. అచ్చట పండుకొన్నవాడు ఒకప్పుడు లేడనియు, కొంతకాలము ఉండెననియు, ఇప్పుడు లేడనియు, అందును గూర్చి అతనికి చింతయు లేదనియు వాటి భావము. ఈ మాటలు ఎంత సాధారణమైపోయెననగా, ప్రతి మాటకును మొదటి అక్షరము మాత్రమే చెక్కినను చదువరులకు తెలిసిపోయెడిది. అన్యులందరును ఇట్లే తలంచిరని చెప్పుట న్యాయము కాదు. ఆత్మ నశింపదని బోధించిన తత్త్వజ్ఞానులును వారిలో ఉండిరి. అయినను మట్టిలో పెట్టిన దేహము తిరిగి లేచునను మాట వారికి నవ్వు పుట్టించెను. ఈ పత్రిక వ్రాయుటకు కొంచెము ముందే, ఏథెన్సులో పౌలు పునరుత్థానమను మాట ఎత్తగానే కొందరు అపహాస్యము చేసిరి. ఆ నవ్వు చెవులలో నుండగానే ఆయన థెస్సలొనీకవారికి ఈ మాటలు వ్రాసెను.

ఇచ్చట ఒక సంగతి జాగ్రత్తగా చూడవలెను. నిరీక్షణలేని యితరులవలె దుఃఖపడకుండునట్లు ఈ సంగతి మీరు తెలిసికొనవలెనని పౌలు వ్రాయుచున్నాడు. ఈ వాక్యమును సగములో కోసివేసి, విశ్వాసులు దుఃఖపడనే కూడదని చెప్పువారు సంఘములో ఎల్లప్పుడును కలరు. చనిపోయిన భర్త ప్రక్కన కూలబడి యేడ్చుచున్న స్త్రీని చూచి, అమ్మా, నీవు విశ్వాసివి గదా, ఏడ్చుట సాక్ష్యము కాదు, ప్రభువు చిత్తమునకు స్తోత్రము చెప్పుమని గద్దించుట అనేకచోట్ల విననగును. ఆ గద్దింపు భక్తివలె కనబడును. అయితే పౌలు అట్లు వ్రాయలేదు. ఆయన దుఃఖమును నిషేధింపలేదు. నిరీక్షణలేని దుఃఖమును మాత్రమే వేరుచేసెను.

లేఖనములలో ఏడ్చిన విశ్వాసుల వరుస పెద్దది. అబ్రాహాము శారాకొరకు అంగలార్చెను, పిమ్మట లేచి హిత్తీయులయొద్ద నాలుగువందల తులముల వెండి తూచి మక్పేలా గుహను కొనెను. వాగ్దానదేశములో ఆయనకు స్వంతమైన మొదటి నేల భార్య సమాధియే. స్తెఫనును పాతిపెట్టిన భక్తిగల మనుష్యులు అతనినిగూర్చి బహుగా ప్రలాపించిరి. పరలోకము తెరవబడుటను చూచుచు చనిపోయినవానికొరకే వారు ఏడ్చిరి. అతడు ఎచ్చటికి వెళ్లెనో వారికి సందేహము లేదు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను వస్త్రములను పేతురునకు చూపుచు ఏడ్చిరి. చనిపోయినవారి చేతిపనిని పట్టుకొని యేడ్చుట యెట్టిదో అనుభవించినవారికి తెలియును. ఎపఫ్రొదితు చావుకు సిద్ధమైనప్పుడు, దేవుడు అతనిని కనికరించెననియు, తనకు దుఃఖముమీద దుఃఖము కలుగకుండ తననుకూడ కనికరించెననియు పౌలు ఫిలిప్పీయులకు వ్రాసెను. చావు తనకు లాభమని అదే పత్రికలో వ్రాసినవాడు, స్నేహితుడు చనిపోయినయెడల దుఃఖమే కలిగియుండునని సిగ్గుపడక ఒప్పుకొనుచున్నాడు. వీరందరికంటె గొప్ప సాక్షి బేతనియలో నున్నాడు. మరికొంతసేపటికి లాజరును లేపుదునని ఎరిగియుండియు, ప్రభువు సమాధియొద్ద కన్నీరు విడిచెను.

నాల్గవ శతాబ్దములో అగస్టీను తన తల్లియైన మోనికా మరణమును గూర్చి వ్రాసిన సంగతి ఇచ్చట జ్ఞాపకము చేసికొనదగినది. క్రీస్తుశకము 387లో, ఆఫ్రికాకు తిరిగి వెళ్లు దారిలో, ఒస్తియా రేవుపట్టణమున ఆమె మరణించెను. అప్పుడామెకు ఏబదియారేండ్లు, ఆయనకు ముప్పదిమూడు. ఆమె ప్రాణము విడువగానే ఆయన కుమారుడైన బాలుడు బిగ్గరగా ఏడ్వగా, పెద్దలు వానిని ఊరకుండజేసిరి. విశ్వాసిని చనిపోయినప్పుడు ఏడ్పులు తగవని వారు తలంచిరి. ఒక స్నేహితుడు కీర్తనల గ్రంథమెత్తి పాడనారంభించెను. అగస్టీను సమాధియొద్దకు వెళ్లియు, తిరిగి వచ్చియు కన్నీరు కార్చలేదు. దుఃఖము తీరునేమోయని స్నానము చేసెను, తీరలేదు. రాత్రి నిద్రించి మేలుకొని, ఒంటరిగా పడకపై నున్నప్పుడు, అంతవరకు ఆపిన కన్నీటిని దేవుని యెదుట విడిచెను. తనకొరకు ఎన్నో సంవత్సరములు ఏడ్చిన తల్లికొరకు తాను కొంతసేపు ఏడ్చినందుకు ఎవరైన తప్పెంచినయెడల నవ్వవద్దనియు, ప్రేమగలవారైతే తనకొరకు ఏడ్వుడనియు ఆయన చదువరులను వేడుకొనెను. అంతటి వేదాంతియు పగలంతయు బిగపట్టి రాత్రి ఓడిపోయెను. ఆ ఓటమిలో పాపమేమియు కనబడదు.

దుఃఖమునకు చోటిచ్చిన పిమ్మట పౌలు దానిక్రింద ఒక పునాది వేయుచున్నాడు. ఆ పునాది యేసు మృతిపొంది తిరిగి లేచెననునదే. ఈ భాగములో పౌలు వాడిన మాటలలో ఒక వ్యత్యాసము గమనింపదగినది. విశ్వాసులను గూర్చి నిద్రించినవారని చెప్పుచు, యేసును గూర్చి మాత్రము ఆయన నిద్రించెనని వ్రాయక మృతిపొందెనని వ్రాసెను. మరణమును దాని విషముతో, దాని చీకటితో పూర్తిగా త్రాగినవాడు ఆయన. ఆయన దానిని త్రాగినందుననే ఆయన వారికి అది నిద్రగా మారెను. నిద్రయను మాట చావును మెత్తగా చెప్పుటకు కట్టిన పూలమాట కాదు. గ్రీకులును ఆ మాటను మర్యాదకు వాడిరి. అయితే వారి నిద్రకు తెల్లవారుటలేదు. నిద్రించుచోటు అను అర్థముగల గ్రీకు మాటను తొలి క్రైస్తవులు తమ సమాధుల స్థలమునకు పేరుగా పెట్టుకొనిరి. ఆంగ్లములోని సిమెటరీ అను మాట దానినుండియే వచ్చినది. మన పల్లెలలోని సమాధుల తోటలలో, సున్నము వెలిసిన సిలువక్రింద, ప్రభువునందు నిద్రించెనని చెక్కించునప్పుడు, ఆ రాయి చెక్కువానికిని తెలియకుండ, పందొమ్మిది శతాబ్దముల క్రిందటి ఆ మాటయే పలుకుచున్నది. నవంబరు నెలలో సమాధుల పండుగనాడు కుటుంబములు కలుపు పెరికి, సున్నము వేసి, క్రొవ్వొత్తులు వెలిగించుచోట ఇది ఆలోచింపదగిన సంగతి.

ఇక వారి ముఖ్యమైన ప్రశ్నకు జవాబు. సజీవులు నిద్రించినవారికంటె ముందుగా వెళ్లరు. క్రీస్తునందు మృతులైనవారే మొదట లేచెదరు. వెనుకబడిపోయిరని ఎవరినిగూర్చి ఏడ్చిరో వారే ముందు వరుసలో నుందురు. తరువాత మిగిలినవారు వారితో ఏకముగా కొనిపోబడుదురు. ప్రభువును ఎదుర్కొనుటకు అని తెలుగు బైబిలులో నున్న మాట గ్రీకులో ఒక ప్రత్యేకమైన మర్యాదను సూచించును. రాజో అధిపతియో పట్టణమునకు వచ్చునప్పుడు పురప్రముఖులు ఊరివెలుపలికి ఎదురేగి ఆయనను తోడుకొని వచ్చెడివారు. రోమాలోని సహోదరులు అప్పీయా సంతపేటవరకు వచ్చి పౌలును ఎదుర్కొన్నప్పుడును, పదిమంది కన్యకల ఉపమానములో పెండ్లికుమారుని ఎదుర్కొనుడని కేక వినబడినప్పుడును ఆ మాటయే కలదు. తెలుగువారికి దీనిని వివరింప నక్కరలేదు. పెండ్లివారు పొలిమేర చేరగానే మేళముతో, పానకముతో ఎదుర్కోలుకు వెళ్లు ఆచారము వారి యిండ్లలోనే కలదు. ఎదుర్కోలుకు ఇంటిల్లిపాది వెళ్లవలెను. ఆ దినమున ముసలివారిని ఇంట వదలి వెళ్లువారుండరు. నిద్రించినవారిని విడిచిపెట్టి సంఘము ప్రభువును ఎదుర్కొనజాలదు.

ఈ వచనములనుండి రాకడయొక్క కాలపట్టికలు గీయుటలో కొందరు మిక్కిలి శ్రద్ధ చూపుదురు. బూరధ్వని ఏది, మేఘము ఏది, ఏ సంవత్సరము అని తర్కింతురు. ఆ తర్కములలో ఎన్ని నిలిచెనో కాలమే చూపినది. పౌలు ఈ మాటలను పట్టికకొరకు వ్రాయలేదు, దుఃఖగృహముకొరకు వ్రాసెను. ఆయన వరుసగా చెప్పుకొనివచ్చిన సంగతులన్నియు, సదాకాలము ప్రభువుతోకూడ ఉండుట అనుచోట ఆగుచున్నవి.

ఇంత చెప్పిన తరువాతను, నిరీక్షణయున్న యింటిలో దుఃఖము ఎట్లుండునో చూడనిదే ఈ ధ్యానము అసంపూర్ణమగును. ఇందుకు బర్మా దేశములో సేవచేసిన అదోనిరాము జడ్సను జీవితముకంటె యథార్థమైన ఉదాహరణ అరుదు. ఆయనను పోషించిన అమెరికా బాప్తిస్టు సంఘమే 1835లో శామ్యూల్ డే అను సేవకుని తెలుగు ప్రజలయొద్దకు పంపెను. రంగూనునుగూర్చియు తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఓడనెక్కి అచ్చటికి కూలికి వెళ్లి, తిరిగిరానివారి పేరులు గోదావరి, విశాఖ జిల్లాల కుటుంబములలో ఎన్నియో కలవు.

జడ్సనును ఆయన భార్య ఆనీయు 1813లో రంగూను చేరిరి. మొదటి బర్మీయుడు బాప్తిస్మము పొందుటకు ఆరేండ్లు పట్టెను. 1824లో ఆంగ్లేయులకును బర్మా రాజునకును యుద్ధము రాగా, జడ్సనును వేగులవాడని తలంచి ఆవా నగరపు చెరలో సంకెళ్లతో పడద్రోసిరి. పసిబిడ్డను చంకనెత్తుకొని ఆనీ అధికారుల గుమ్మములచుట్టు తిరిగి, భర్తకు అన్నము చేర్చి, ఆయన అనువదించిన లేఖనముల వ్రాతప్రతిని తలగడలో కుట్టి కాపాడెను. విడుదలయైన పిమ్మట వారు అమ్‌హెర్స్టు అను క్రొత్త పట్టణమునకు వచ్చిరి. ఆమెను బిడ్డను అచ్చట ఉంచి, ఆయన రాయబారులతోకూడ దుబాసిగా ఆవాకు వెళ్లెను. ఆయన దూరమున నుండగా 1826 అక్టోబరు 24న ఆనీ జ్వరముతో చనిపోయెను. ఆమెకు ముప్పదియారేండ్లు. నల్లముద్ర వేసిన ఉత్తరము ఆయన చేతికి వచ్చినప్పుడు, చనిపోయినది బిడ్డయని ఆయన తలంచెను. తెరచి చూడగా భార్య మరణవార్త కనబడెను. ఆరు నెలలు గడచునంతలో, 1827 ఏప్రిలు 24న, రెండేండ్ల ఆ బిడ్డ మరియయు చనిపోయి తల్లి ప్రక్కన పాతిపెట్టబడెను.

తరువాత జరిగినదానిని కొన్ని జీవితచరిత్రలు తొందరగా దాటిపోవును. దాటిపోకూడదు. జడ్సను మనుష్యుల సాంగత్యమును విడిచెను. తనకిచ్చిన డాక్టరు బిరుదును త్యజించెను. తన్ను పొగడిన ఉత్తరములను నాశనము చేసెను. మౌల్మెయినునకు దగ్గరగా అడవిలో ఒక గుడిసె కట్టుకొని అందులో ఒంటరిగా నుండెను. ఒక గొయ్యి త్రవ్వించుకొని దాని ప్రక్కన కూర్చుండి, దేహము మట్టియగు విధమును తలపోయుచు దినములు గడపెను. ఆనీ మరణించి మూడు సంవత్సరములైనప్పుడు ఆయన వ్రాసిన మాటలలో, దేవుడు తనకు ఎరుగరాని మహామర్మమైపోయెననియు, ఆయనను నమ్ముచున్నాననియు, అయినను ఆయనను కనుగొనలేకపోవుచున్నాననియు ఒప్పుకొనెను. ఇది నిరీక్షణలేనివాని మాటయా? నమ్మకము నిలిచియేయున్నది, దాని వెచ్చదనము మాత్రము కానరాదు. క్రైస్తవ నిరీక్షణ ఒక అనుభూతియైనయెడల అడవిలోని ఆ గుడిసెలో అది చనిపోయినదనియే చెప్పవలెను. అయితే అది మనుష్యుని హృదయములో కాక, యెరూషలేము వెలుపల ఒక తోటలో ఖాళీయైన సమాధిలో పుట్టినది గనుక, జడ్సను దానిని పట్టుకొనలేకపోయిన దినములలోను అది ఆయనను పట్టుకొనియుండెను.

ఆయన ఒక్కదినములో ఆ గొయ్యి ప్రక్కనుండి లేచిరాలేదు. 1830లో ప్రోము పట్టణమునకు వెళ్లి సువార్త ప్రకటించెను. తిరిగివచ్చి బల్లయొద్ద కూర్చుండెను. 1834 జనవరి 31న బర్మీయ భాషలో సంపూర్ణ బైబిలుయొక్క కడపటి పుటను ముగించెను. ఒకప్పుడు ఆనీ తలగడలో కుట్టి దాచినది ఆ పనియే. థెస్సలొనీకయులకు వ్రాసిన ఈ ఆరు వచనములను బర్మీయ భాషలోనికి తెచ్చినవాడు వాటిని ఎంత ఖరీదుకు నేర్చుకొనెనో, వాటిని ఆ భాషలో చదువువారు ఎందరు ఎరుగుదురు?

ఆయన అంత్యమును ఈ భాగమునకు చేరువైనదే. 1850 ఏప్రిలు 12న, ఆరోగ్యముకొరకు సముద్రయానము చేయుచు, ఓడలోనే మరణించెను. అదే సాయంకాలము ఆయన దేహమును సముద్రములో విడిచిరి. ప్రార్థన చేయుటకు బోధకుడెవడును ఆ ఓడలో లేడు. మౌల్మెయినులో ఆయన భార్య ఎమిలీ గర్భవతియై యుండెను. పది దినములకు ఆమెకు పుట్టిన బిడ్డయు దక్కలేదు. ఆ సంగతి ఆయనకు తెలుపవలెనని ఆమె తలంచుచుండగా, ఆయన అప్పటికే లేడు. ఆ వార్త ఆమెకు చేరుటకు దాదాపు నాలుగు నెలలు పట్టెను. అన్ని దినములు ఆమె రేవువైపు చూచుచునే యుండెను. రెండు సమాధులయొద్ద ఏడ్చిన ఆయనకు స్వంత సమాధియే లేకపోయెను.

సమాధి లేని దుఃఖము తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. 1977 నవంబరు 19న కృష్ణాజిల్లా దివిసీమపైకి తుపానుతోకూడ సముద్రము ఎగసివచ్చి గ్రామములను తుడిచివేసినప్పుడు వేలాదిమంది ప్రాణములు కోల్పోయిరి. అనేక దేహములు గుర్తింపరానివైనందున కూడబెట్టి దహింపబడెను, లేక ఒకే గోతిలో పూడ్చబడెను. కొందరి దేహములు దొరకనేలేదు. అట్టి కుటుంబములలో విశ్వాసులు అడిగిన ప్రశ్న పండితుల ప్రశ్న కాదు: మంటిలో పెట్టి, ఆదరణ వాక్యము చదివించుకొనుటకైనను నోచుకొననివారు ఆ దినమున ఎచ్చటనుండి లేతురు? పత్మాసు ద్వీపములో యోహాను చూచిన దర్శనమున, సముద్రము తనలోనున్న మృతులను అప్పగించును. అప్పగించుట యన, తనది కానిదానిని తిరిగి యిచ్చుట. సముద్రము వారిని తీసికొన్నదే గాని, వారు దానివారు కారు. గుర్తు కోల్పోయిన దేహమును గుర్తించువాడు ఆ దినమున వచ్చుచున్నాడు. ఆయనకు రాయియు సిలువగుర్తును అక్కరలేదు.

పౌలు ఈ మాటలను కాపరులకు మాత్రమే అప్పగింపలేదు. ఈ మాటలచేత ఒకరినొకరు ఆదరించుకొనుడని సంఘమంతటికిని ఆజ్ఞాపించెను. ఆదరణకూటములలో ఈ ఆజ్ఞ కొంత మరుగుపడినది. పెట్టె ఎదుట పెట్టుకొని, చచ్చినవాని దుఃఖమును బ్రతికియున్నవారిని బెదిరించుటకు వాడుకొను ప్రసంగములు కలవు. ఏడ్చుచున్న విధవరాలికి ఎదురుగా గంటన్నరసేపు సాగు ప్రసంగములు కలవు. అది వాక్యమునకు గౌరవము కాదు. యోబు స్నేహితులు ఏడు దినములు నేలపై కూర్చుండి ఒక్క మాటయు పలుకకుండిన కాలమే వారు చేసిన మేలు. నోరు తెరచినప్పుడు గాయము పెద్దదాయెను. ఆదరించువాడు ముందుగా దుఃఖము ప్రక్కన కూర్చుండవలెను. మాట తరువాత వచ్చును. అదియు తన స్వంతమాట కాక, ప్రభువు తనవారిని విడువడను మాటయే కావలెను.

మరియొక సంగతి కలదు. జనసందడి మూడు దినములుండును. జ్ఞాపకార్థ కూటమువరకు చుట్టములు వచ్చిపోవుచుందురు. దుఃఖము నిజముగా ఇంటిలో బైఠాయించునది ఆ తరువాతనే. ఆదివారము మందిరములో ఒక చోటు ఖాళీగా నుండును. పిల్లల బడి జీతము కట్టవలసిన నెల వచ్చును. సాయంకాలము కుటుంబప్రార్థనలో కీర్తన ఎత్తువాడుండడు. అట్టి దినమున బియ్యపు సంచితో ఒక సహోదరుడు గుమ్మమున నిలిచి, లోపలికి వచ్చి, కీర్తన తానే యెత్తి పాడినయెడల, పౌలు ఆజ్ఞ అచ్చట నెరవేరుచున్నది. థెస్సలొనీకవారు సహోదరప్రేమ విషయములో వేరొకరు వ్రాయనక్కరలేనివారని పౌలు దీనికి పైగా నున్న వచనములలోనే సాక్ష్యమిచ్చెను. అట్టి ప్రేమగల సంఘమునకే ఆయన ఈ నిరీక్షణను అప్పగించెను. ప్రేమించువారికే గదా మరణము ఇంత బరువైనది.

పత్రిక చివర పౌలు ఒక గట్టి కట్టడ చేసెను. దీనిని సహోదరులందరికిని చదివి వినిపింపవలెనని ప్రభువు పేరట వారికి ఆనబెట్టెను. బహుశః తిమోతియో మరియొకరో కొరింథునుండి ఆ చుట్టను తెచ్చియుందురు. ఎవరి యింటనో, పని ముగించుకొనివచ్చిన కూలివారును, దాసులును, ఘనతగల స్త్రీలును దీపము వెలుతురున కూడియుందురు. చదువరి నిద్రించినవారిని గూర్చిన మాటకు వచ్చినప్పుడు, పేరు తెలియని ఆ మృతుల తల్లియో, భార్యయో ఆ గుంపులోనే యుండవలెను. క్రీస్తునందు మృతులైనవారు మొదట లేచెదరని ఆమె వినెను.